సీలింగ్ మూసేలోపు

కాజీపేట

బిడ్డా,

నువ్వు పంపిన స్మార్ట్ లైట్లు, ఫోన్‌తో వేసి ఆర్పేవి, అందాయి. సీలింగ్ పనివాళ్లు ఫ్రేమ్ కొట్టడం అయిపోయింది, సోమవారం నుంచి జిప్సం బోర్డులు ఎక్కిస్తామంటున్నారు. బోర్డు ఎక్కిందంటే లోపలి వైరు మార్చడం పెద్ద పని. అందుకే ఫోన్లో హడావుడిగా చెప్పకుండా కూర్చొని రాస్తున్నాను.

నాయినమ్మ గదిలో గోడ స్విచ్చి ఎవరూ కట్టేయకుండా దాని మీద టేపు వేద్దామన్నావు. దానికి మాత్రం నేను ఒప్పుకోను. స్మార్ట్ లైటుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, స్విచ్చి కట్టేస్తే ఫోన్ మాట వినదు, నిజమే. కానీ నాయినమ్మ రాత్రి లేచినప్పుడు చూడు. మంచం దిగి, గోడ పట్టుకుని, తలుపు పక్కన ఎడమ చేత్తో తడిమి స్విచ్చి వేస్తుంది. కళ్లకు ఆపరేషన్ అయిన మనిషి. ఆ చెయ్యి పడ్డచోట లైటు వెలగాలి. ఫోన్ ఆ తర్వాత సంగతి.

కాబట్టి నువ్వు పంపినవి హాల్లో పెడదాం. నాయినమ్మ గదికి మామూలు ఎల్‌ఈడీ ప్యానెల్ చాలు, స్విచ్చి వెనకాల వైఫై మాడ్యూల్ పెడదాం. అగ్గిపెట్టెంత ఉంటుంది. స్విచ్చి వేసినా వెలుగుతుంది, నువ్వు హైదరాబాద్ నుంచి ఫోన్లో నొక్కినా వెలుగుతుంది. వైఫై పోయిన రోజు కూడా స్విచ్చి స్విచ్చే.

ఒక్క చిక్కుంది. నిన్న మెయిన్ ఆపి ఆ స్విచ్చి బోర్డు విప్పి చూశాను. అన్నీ ఎర్ర వైర్లే, నల్లది లేదు. పాత పద్ధతిలో స్విచ్చికి ఫేజ్, అంటే కరెంటు తెచ్చే ఎర్ర వైరు, మాత్రమే దింపుతారు. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి పోయే నల్ల వైరు, పైనుంచి పైనే లైటుకు పోతుంది. ప్లగ్గు ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉంటుంది, ఉత్త స్విచ్చిలే ఉన్న చిన్న బోర్డులో చాలాసార్లు ఉండదు. లైటు ఆరి ఉన్నా మాడ్యూల్ సిగ్నల్ కోసం మేలుకునే ఉండాలి, అందుకు చాలా మాడ్యూళ్లకు న్యూట్రల్ కావాలి. ఇప్పుడు పైన అంతా తెరిచే ఉంది, పైపులో సందు కూడా ఉంది. నల్ల వైరు ఒకటి లాగిస్తే అయిపోతుంది. నువ్వు ఊఁ అంటే రేపే చేయిస్తాను.

హాలు లైట్ల మీద 'మ్యాటర్' (Matter) అనే ముద్ర ఉంది. 2022లో వచ్చిన పద్ధతి కదా అది, వేర్వేరు కంపెనీల సామాను కలిసి పనిచేయడానికి, ఇంటర్నెట్ లేకున్నా ఇంట్లోపల నడవడానికి. మంచిదే కొన్నావు. జత చేసే కోడ్ స్టిక్కర్ లైటు వెనక వైపు ఉంది. పైకి ఎక్కించాక దాన్ని చదవాలంటే మళ్లీ నిచ్చెన ఎక్కాల్సిందే. అందుకని ఒక్కోదాన్ని ఫొటో తీసి, నోటుపుస్తకంలో నంబరు రాసి, పక్కన 'టీవీ వైపు', 'గుమ్మం దగ్గర' అని గుర్తు పెట్టాను. ఫొటోలు నీకూ పంపుతాను, దాచుకో.

లైటుకు కరెంటు సరిచేసి ఇచ్చే చిన్న పెట్టెను, డ్రైవర్ అంటారు, ఇనుప డబ్బాలో పెట్టొద్దని మేస్త్రీకి చెప్పాను. జిప్సం బోర్డు సిగ్నల్‌ను పెద్దగా ఆపదు, ఇనుప డబ్బా ఆపుతుంది. చెడిపోతే లైటు స్ప్రింగు లాగి అదే రంధ్రంలోంచి డ్రైవర్ బయటకు తీసేలా వైరు కాస్త వదులుగా ఉంచమన్నాను.

దసరాకు వచ్చినప్పుడు ముందు రౌటర్ సంగతి చూడు. రౌటర్ ఇచ్చే వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాలు కదా, ఈ లైట్లు 2.4 మీదే పనిచేస్తాయని పెట్టె మీద ఉంది. మన రౌటర్‌లో 2.4కూ 5కూ ఒకటే పేరుంది. జత చేసేటప్పుడు కుదరకపోతే 2.4కు వేరే పేరు పెట్టి చూడు. వెనక గదికి కూడా గోడలు దాటి పోయేది అదే. లైట్లు అమ్మ ఫోన్లో కూడా ఎక్కించు. ఒక్క నీ ఫోన్లోనే ఉంటే, ఇక్కడ ఏది ఆగినా నీకోసం చూడాల్సి వస్తుంది.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఎండాకాలం గాలిదుమారం లేచిన సాయంత్రం మన దగ్గర కరెంటు ఎట్లా వచ్చిపోతుందో నీకు తెలుసు. చాలా స్మార్ట్ లైట్లను వరసగా కొన్నిసార్లు ఆర్పి వెలిగిస్తే పాతది మరిచిపోయి కొత్తగా జత చేసుకునే స్థితికి పోతాయి. కరెంటు కొట్టుకున్నా వాటికి అదే లెక్క. అందుకే హాలు లైట్లను, రౌటర్‌ను ఇన్వర్టర్ లైను మీదకు మారుస్తున్నాను. కరెంటు తిరిగి వచ్చాక లైటు ఎలా ఉండాలన్నది యాప్‌లో ఉంటుంది, అందులో 'ముందు ఎలా ఉందో అలాగే' అన్నది పెట్టు. లేకపోతే ఆర్పి పడుకున్న ఇంట్లో అర్ధరాత్రి అన్నీ ఒక్కసారి భగ్గుమంటాయి.

నాయినమ్మ గదికి ప్యానెల్ 3000 కెల్విన్‌దే తెస్తాను, పసుపు వెలుగు. 6500ది తెల్లగా కొడుతుంది, నిద్రలో లేచిన కళ్లకు అది వద్దు.

మాడ్యూల్ ఏది కొనాలో నువ్వే చూడు, ఆ లెక్కలు నాకంటే నీకు బాగా తెలుసు. బోర్డు లోపలి లోతు కొలిచి ఫోన్లో పంపుతాను, అందులో పట్టేది తీసుకో. నల్ల వైరు సంగతి మాత్రం ఆదివారం లోపు చెప్పు.

నీ బాపు