తిడతారన్న భయం పోవాలి: తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఎక్కువ సమయం పిల్లల ఫోన్ల గురించే వెచ్చించింది. జూన్‌లో బడి తెరిచినప్పుడు వేసుకున్న ప్రణాళిక ప్రకారం ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలు జరిగాయి. అయితే మన ఆలోచనను మార్చింది అవి కావు, ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక బాబు.

ఆటలో బహుమతి వచ్చిందనీ, డబ్బు జమ కావాలంటే పిన్ నొక్కాలనీ వచ్చిన సందేశాన్ని నమ్మి, ఆ బాబు అమ్మ ఫోనులో యూపీఐ పిన్ కొట్టాడు. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పంపడానికే కావాలి. ఈ ఒక్క ముక్క వాడికి ఎవరూ చెప్పలేదు, మనమూ చెప్పలేదు. ఇంకా బాధాకరం ఏమిటంటే, మూడు రోజులు వాడు నోరు విప్పలేదు. సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు వెంటనే ఫోన్ చేస్తే మోసగాళ్లు డబ్బు తీసుకునేలోపే ఖాతాలో నిలిపివేయించే వీలుంటుంది. ఆలస్యమైనకొద్దీ ఆ ఆశ సన్నగిల్లుతుంది. ఆ తల్లి ఫిర్యాదు చేశారు కానీ డబ్బు తిరిగి రాలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఫోను లాక్కుంటారని" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి సమావేశంలో పెద్దలను ఒక్క మాట అడుగుతున్నాం: పిల్లలు తప్పు చెప్పుకున్న రోజు తిట్టకండి, ఫోను లాక్కోకండి. "భయం లేకపోతే మాట వింటారా?" అని కొందరు తండ్రులు గట్టిగానే వాదించారు. వారి ఆందోళన మాకు అర్థమవుతుంది. కానీ ఆ మూడు రోజుల మౌనం భయం వల్ల వచ్చినదే.

ఆడపిల్లలతో ఉపాధ్యాయినులు విడిగా మాట్లాడారు. ఎవరైనా ఫొటో చూపి బెదిరిస్తే డబ్బు ఇవ్వకూడదు, సందేశాలు చెరిపేయకూడదు, స్క్రీన్‌షాట్ తీసి నమ్మకమైన పెద్దలకు చూపాలి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు. పిల్లల అసభ్య చిత్రాలు ఉంచుకోవడం, పంచడం పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం కింద నేరం. అలాంటి ఫొటోలను ఆన్‌లైన్‌లో తొలగించడానికి సాయపడే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవలో ఫొటో మన ఫోను దాటి వెళ్లదు. దాని డిజిటల్ ముద్ర, అంటే ఆ ఫొటోను గుర్తుపట్టే సంకేతం మాత్రమే సామాజిక మాధ్యమ సంస్థలకు చేరుతుంది. ఈ సంగతి విన్నాక ఒక అమ్మాయి చాలాసేపు కూర్చుని మాట్లాడి వెళ్లింది. ఏడాది మొత్తంలో మాకు అన్నిటికన్నా విలువైన సాయంత్రం అదే.

మన పొరపాటు కూడా ఒకటి రాయాలి. బడి బతుకమ్మ ఫొటోలను పెద్దలమే వాట్సాప్ గ్రూపుల్లో పంచాం. కొన్నిటిలో పిల్లల గుర్తింపు కార్డులు, వాటి మీద పేరు, తరగతి స్పష్టంగా కనిపించాయి. ఒక తల్లి ఎత్తిచూపాక తొలగించాం. ఇకపై ఆ ఇంటివారిని, ఆ బిడ్డను అడగకుండా ఫొటో పెట్టబోము.

రాత్రి ఎనిమిది తర్వాత హోంవర్క్ సందేశాలు పంపకుండా ఉండటానికి ఉపాధ్యాయులు ఒప్పుకున్నారు. వారికి కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

నిద్ర పట్టక, దిగులుతో ఉన్న పిల్లల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి తరగతి గదిలో అతికించే పని ఇంకా పూర్తి కాలేదు. వచ్చే ఏడాది సమావేశాలు ఆదివారం ఉదయానికి మారుస్తున్నాం. ఇన్నాళ్లూ వచ్చినవారిలో ఎక్కువమంది తల్లులే. ఈసారి తండ్రులు, తాతయ్యలు కూడా పేర్లు ఇవ్వాలని కోరుతున్నాం.