అన్నీ కలిపి మరిగిస్తే అది టీ కాదు

సంపాదకులకు,

అయ్యా,

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో నిమ్మ, పూల టీ తయారీ వేశారు. టీపొడి, నిమ్మచెక్కలు, గులాబీ రేకులు ఒకే గిన్నెలో వేసి పది నిమిషాలు మరిగించమన్నారు. అలా చేస్తే వచ్చేది కషాయం. కాయ సువాసన అంతా తొక్క పైపొరలోని నూనె తిత్తుల్లో ఉంటుంది. మరిగితే ఆ నూనె ఆవిరితోపాటు లేచిపోతుంది, కింది తెల్లపొరలోని చేదు నీళ్లలోకి దిగుతుంది. వాసన వంటింటికి, చేదు గ్లాసుకి.

రెండు గ్లాసులకి 400 మి.లీ. నీళ్లు చాలు. దబ్బకాయో కమలాయో తీసుకుని, పీలర్‌తో పైతొక్క మాత్రం వేలెడు పొడవున రెండు ముక్కలు చెక్కాలి. వెనకవైపు తెలుపు కనిపిస్తే చాకుతో గోకేయాలి. పంపరపనసకైతే ఆ తెల్ల బెండు మరీ మందం, చెయ్యి తేలిగ్గా ఆడాలి. (కొలెస్ట్రాల్, బీపీ మాత్రలు వాడేవాళ్లు దాని జోలికి వెళ్లేముందు డాక్టరుని అడగడం మంచిది.) నీళ్లు తెర్లగానే స్టవ్ ఆపి, రెండు చెంచాల ఆకు టీ, తొక్క వేసి, మూత పెట్టి మూడు నిమిషాలు ఉంచాలి. డస్ట్ టీ అయితే ఒక్క చెంచా, రెండు నిమిషాలు. నిమ్మరసం వడకట్టాకే, గ్లాసుకి అరచెంచా. రసం పడగానే రంగు పలచబడుతుంది. డికాక్షన్ చాల్లేదని కొందరు మళ్లీ పొడి వేస్తారు, అది పొరపాటు. పులుపు తగిలితే టీ రంగు తేలిపోవడం సహజం.

స్టీలు గిన్నె గాని గాజుది గాని వాడాలి. ఇనప గిన్నెలో టీ సిరాలా నల్లబడుతుంది. బోరు నీళ్లతో కాస్తే పైన తెట్టు కడుతుంది, అది నీళ్లలోని సున్నం పని. సముద్రం వారనున్న ఊళ్లలో ఉప్పు తగిలే బోరు నీళ్లయితే ఏ పూల వాసనా నిలవదు, టిన్ను నీళ్లే వాడుకోవాలి.

ఇక పూలు. కంచెల మీద పాకే శంఖుపూలు గ్లాసుకి ఆరు, ఆకుపచ్చ తొడిమ తీసేసి, టీపొడి లేకుండా వేడినీళ్లలో ఐదు నిమిషాలు. నీలం దిగాక నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే ఊదా, ఇంకా పిండితే గులాబీ రంగు. నిజానికి దానికి రంగే గాని రుచి లేదు, దబ్బతొక్క తోడుంటేనే తాగబుద్ధవుతుంది. మందారం మరిగిస్తే జిగురు దిగుతుంది, వేడినీళ్లు పోసి మూడు నిమిషాల్లో తీసేయాలి. గులాబీ రేకుల అడుగున తెల్లటి మొన ఉంటుంది, చేదంతా అక్కడే, కత్తెరతో కత్తిరించేయాలి.

మల్లెని అసలు నీళ్లలో వేయకూడదు. సాయంత్రం విచ్చబోయే మొగ్గలు 50 గ్రాములు, గ్రీన్ టీ ఆకు 100 గ్రాములు, పొర మీద పొరగా స్టీలు డబ్బాలో పరిచి, మూత వదులుగా పెట్టాలి. మల్లె విచ్చేది రాత్రే, ఆకు ఆ వాసనని పీల్చుకుంటుంది. పడుకునేముందు ఓసారి కలిపితే లోపల వేడెక్కదు. తెల్లారగానే ప్రతి పువ్వూ ఏరేయాలి, ఒక్కటి మిగిలినా వాడుపూల కంపు. రాత్రంతా పూల తేమ పట్టిన ఆకు మెత్తబడి ఉంటుంది. పెనం వేడిచేసి, మంట ఆపి, ఆకు పరిచి కదుపుతూ గలగలలాడేదాకా ఆరబెట్టాలి. మన డెల్టా గాలిలో ఈ పని ఎగ్గొడితే వారానికే బూజు. ఎండబెట్టిన కమలా తొక్కా అంతే: వంగితే ఇంకా తేమ ఉన్నట్టు, పటుక్కున విరిగితేనే డబ్బాలోకి. ముసురు రోజుల్లో ఈ ప్రయత్నమే వద్దు.

మీ వ్యాసంలో లేనిదీ, అన్నిటికన్నా ముందు రాయవలసిందీ ఒకటుంది. కడియపులంక పూలబజారులో దొరికేవి దండలకీ పూజకీ పెంచిన పూలు, తినడానికి కాదు. మొక్క లోపలికి ఇంకే మందు కొట్టి ఉంటే రేకులు ఎంత కడిగినా పోదు. నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ మీదున్న పూలూ వాడకూడదు. వాటిని తుంచేసి, మందు కొట్టకుండా మూడు నాలుగు నెలలు పెంచాక పూసినవే గ్లాసులోకి. గన్నేరు ఏ రంగుదైనా విషమే, పిల్లలు పూలు కోసుకొస్తే ఒక్కొక్కటీ చూసి మరీ వేయాలి. సవరణ వేసేటప్పుడు కనీసం ఈ పేరా అయినా అచ్చువేయగలరు.

— కొందరు పాఠకులు, కడియం మండలం, తూర్పు గోదావరి జిల్లా