ఒరేయ్ శీనూ, బావ నోటితోనే చదివించాను

ఒరేయ్ శీనూ,

సంక్రాంతికి రాస్తానన్నవాణ్ణి, రథసప్తమి కూడా వెళ్లిపోయాక రాస్తున్నాను. తిట్టుకో. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. రెండో చెరువు పట్టేశాం, రొయ్య రేటు మాత్రం అడక్కు. కబుర్లయిపోయాయి. అసలు సంగతి విను, నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభలు చూసొచ్చి అరుగు మీద కూలబడ్డాం. బావ హైదరాబాదు నుంచి కొత్త యాపిల్ వాచీతో దిగాడులే. నా చేతికున్న శాంసంగ్ చూసి, "ఇంకా అదేనా బావా? రాసేవాళ్లంతా దీన్నే కదా మెచ్చుకునేది" అన్నాడు. "ఆయ్" అన్నాను. ఏ ఆయ్ అనుకున్నావ్? లెక్కల మాస్టారి దగ్గర మనం అనేవాళ్లమే, ఆ ఆయ్!

నేనప్పటికే మందు నూరి పెట్టుకున్నానురా. ఒక పేరున్న విలేకరి రెండు వాచీల గురించీ రాశాడు. రెంటికీ రోజూ ఛార్జింగ్ పెట్టాల్సిందే. యాపిల్ వాళ్లు 2015లో మొదటి వాచీకి 18 గంటలన్నారు, తర్వాత ఎన్నో ఏళ్లు ఆ 18 దగ్గరే ఉన్నారు. దానికి ఈ పెద్దమనిషి "పడుకునే ముందు ఛార్జింగ్ పెట్టడం అలవాటైపోతుంది" అని రాశాడు. శాంసంగ్‌కి వచ్చేసరికి "రోజూ ఛార్జింగా, తలనొప్పి" అట. యాపిల్ వాచీ ఐఫోన్ లేనిదే నడవదు, అది "చక్కటి అల్లిక". 2021 నుంచి శాంసంగ్ కొత్త వాచీలు ఐఫోన్‌తో కలవవు, అది మాత్రం "అడ్డుగోడ"!

నేనేం చేశానంటే, చెరువు గట్టు మీద షెడ్లో కూర్చుని, మేత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో ఆ రెండూ తెలుగులో రాశాను. పేర్లు మాత్రం తారుమారు చేశాను. కనుమనాడు ఆ పుస్తకం బావ చేతిలో పెట్టి గట్టిగా చదవమన్నాను. పాపం వేలు పెట్టి మరీ చదివాడు. "యాపిల్... రోజూ ఛార్జింగా, తలనొప్పి" దగ్గర వేలు ఆగిపోయింది. "ఎవడు వీడు? డబ్బులు తిన్నట్టున్నాడే!" అన్నాడు. నా నవ్వు చూడాల్సింది! ఏడో నంబరు బెంచీ నవ్వు.

డబ్బులు తిన్నాడని నేననుకోవట్లేదు, అది వేరే సంగతి. అతని జేబులో ఐఫోన్ ఉండి ఉంటుంది. పదేళ్లుగా అదే ఫోనుతో బతికేవాడు రెండో వాచీ కోసం వారం రోజులు ఇంకో ఫోను పట్టుకుంటే చేతికి అన్నీ గుచ్చుకుంటాయి. ఆ గుచ్చుకోవడమంతా వాచీ ఖాతాలో రాసేశాడు. కానీ ఆ మాట మొదటి లైనులో చెప్పొచ్చు కదరా? "నా జేబులో ఫలానా ఫోనుంది" అని ఒక్క ముక్క!

ఇంతలో తాతయ్య తన హెచ్ఎంటీకి కీ తిప్పుకుంటూ, "నేనూ రోజూ ఇది తిప్పుతున్నాను గదా, ఇది అలవాటా తలనొప్పా?" అన్నాడు. అరుగంతా గొల్లుమంది. బావ మొహం మాడిన గారె.

అక్కడితో ఆగుంటే బాగుండేది. చెల్లి లోపల్నుంచి జంతికల పళ్లెం తెస్తూ, "అన్నయ్యా, నీ వాచీని పొగిడినవాడిది కూడా ఇలాగే తిరగేసి చూశావా?" అంది. "చూడకేం" అన్నాను. చూడలేదురా.

ఆ రాత్రి షెడ్లో చూశాను. తెలుసుగా, నేను నీకు పదిసార్లు పంపి చదువు చదువు అని ప్రాణం తీసిన ఆ వ్యాసమే. మొదటి పేరా పేర్లు మార్చి రాశాను. రెండోది కూడా రాశాను. మూడో దాంట్లో బ్యాటరీ గురించి ఒక వాక్యం ఉంది చూడూ, అది... సరే, అక్కడికి పుస్తకం మూసేశాను. బావకి చెప్పావో, కోటిపల్లి రేవులో నీ చెప్పుల సంగతి మీ ఆవిడకి చెప్తాను.

నువ్వు ఏ వాచీ పెడుతున్నావో ఇప్పటికీ చెప్పలేదు. నీ అభిప్రాయం అడిగేముందు అది... ఒరేయ్, కరెంటు పోయింది, ఏరేటర్లు ఆగిపోయాయి. జనరేటర్ వేయాలి, ఉంటా