గీత మీద నిలబడే ఆ ఐదుగురి గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, అదే సూపర్ బౌల్, అయిన మర్నాడు మీ స్పోర్ట్స్ పేజీలో వచ్చిన వార్తని మా అమ్మ తెనాలిలో చదివి, ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. బంతి విసిరే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, ఫోటో ఉంది, హాఫ్‌టైమ్‌లో పాట ఎవరు పాడారో ఉంది, టికెట్ రేట్లు ఉన్నాయి. తర్వాత ఫోన్ చేసి "ఏరా, మన చిన్నోడు ఆడేది ఈ ఆటేగా, ఇంతకీ వాడు ఎన్ని పాయింట్లు కొట్టాడు" అని అడిగింది. మా అబ్బాయి ఇక్కడ అమెరికాలో క్లీవ్‌లాండ్ దగ్గర హైస్కూల్ టీమ్‌లో రైట్ గార్డ్ ఆడతాడు. రెండేళ్ళ నుంచి ఆడుతున్నాడు, ఒక్క పాయింట్ కూడా కొట్టలేదు, వాడి పనే అది కాదు. అమ్మకి ఫోన్‌లో ఎంత చెప్పినా సరిగ్గా అర్థమయ్యేలా చెప్పలేకపోయా. మీ పేపర్లో వస్తే మాత్రం రెండుసార్లు చదువుతుంది, అందుకే మీకు రాస్తున్నా, కొంచెం పొడుగైనా వేయండి ప్లీజ్.

ఆట మొదలయ్యే ముందు గీత మీద ఐదుగురు వంగి నిలబడతారు. మధ్యలో సెంటర్, వాడికి అటొక గార్డ్ ఇటొక గార్డ్, చివర్లలో ఇద్దరు టాకిల్స్. వీళ్ళనే అఫెన్సివ్ లైన్ అంటారు. సెంటర్ కాళ్ళ మధ్య నుంచి బంతి వెనక్కి ఇస్తాడు, దాన్ని స్నాప్ అంటారు, ఆ క్షణం నుంచి అవతలి టీమ్ వాళ్ళు క్వార్టర్‌బ్యాక్ మీద పడటానికి వస్తారు, ఒక్కొక్కడు నూటిరవై నూటముప్పై కిలోలుంటాడు, పరుగు చూస్తే అంత బరువున్నట్టే అనిపించదు. క్వార్టర్‌బ్యాక్‌కి బంతి విసరడానికి రెండున్నర, మూడు సెకన్లు కావాలి, ఆ మూడు సెకన్లు ఇచ్చేది ఈ ఐదుగురే. స్నాప్ కంటే ముందు కాస్త కదిలితే ఫాల్స్ స్టార్ట్, ఐదు గజాలు వెనక్కి. ఎదుటివాడి చొక్కా పట్టుకుంటే హోల్డింగ్, పది గజాలు. పాస్ పట్టుకునే హక్కు మామూలుగా వీళ్ళకి లేదు. వీళ్ళ నంబర్ స్టేడియం మొత్తం వినపడేది ఎప్పుడో తెలుసా అండి, తప్పు చేసినప్పుడు రిఫరీ మైకులో చెప్పినప్పుడు. మంచిగా ఆడితే ఎవరూ ఏమీ అనరు, స్కోర్‌కార్డులో వాళ్ళ పేరు పక్కన రాయడానికి అంకె కూడా ఉండదు.

ఒక్కడికి మాత్రం ఉంది. జో థామస్, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ టీమ్ లెఫ్ట్ టాకిల్, జెర్సీ నంబర్ 73. ఆ అంకె 10,363. 2007 సెప్టెంబర్‌లో మొదటి మ్యాచ్ మొదటి స్నాప్ నుంచి 2017 అక్టోబర్ 22 దాకా టీమ్ బంతితో ఆడిన ప్రతి ప్లేలో ఆయన ఉన్నాడు, ఒక్కటంటే ఒక్కటి కూడా బయట కూర్చోలేదు. స్నాప్‌ల లెక్క రాయడం మొదలుపెట్టాక ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లో, ఇంత పొడుగు వరస ఇంకెవరికీ లేదు. జ్వరం వచ్చి ఉంటుంది, వేళ్ళు విరిగినంత నొప్పి పెట్టి ఉంటుంది, టీమ్ ముప్పై పాయింట్లు వెనకబడి ఇంక ఆడి ఏం లాభం అనిపించే రోజులూ ఉండి ఉంటాయి, అయినా బయటికి రాలేదు. పైగా లెఫ్ట్ టాకిల్ అంటే మామూలు చోటు కాదు, కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి వీపు అటువైపే ఉంటుంది, వెనకనుంచి ఎవడొస్తున్నాడో కనపడదు. ఏడాదికి రెండేసి సార్లు పిట్స్‌బర్గ్‌తో, బాల్టిమోర్‌తో ఆడాల్సి వచ్చేది, జేమ్స్ హారిసన్, టెరెల్ సగ్స్ లాంటి వాళ్ళు ఎదురుగా ఉండేవాళ్ళు.

విస్కాన్సిన్ కుర్రాడు, 6 అడుగుల 6 అంగుళాలు. 2006లో కాలేజీ లైన్‌మెన్‌కి ఇచ్చే అవుట్‌ల్యాండ్ ట్రోఫీ గెలిచాడు. 2007లో డ్రాఫ్ట్ రోజున, అంటే కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే రోజున, పెద్ద ఆటగాళ్ళంతా సూట్లు వేసుకుని న్యూయార్క్ వెళ్తే ఈయన వాళ్ళ నాన్నతో మిషిగన్ సరస్సులో చేపలు పట్టడానికి వెళ్ళాడు, మూడో పిక్‌గా బ్రౌన్స్ తీసుకుందన్న కబురు పడవలో ఉండగానే వచ్చింది. ఆ ఏడాది అందరికంటే ముందు తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ జమార్కస్ రసెల్ మూడు సీజన్లకే లీగ్‌లో లేకుండా పోయాడు.

ఇంక టీమ్ సంగతి చెప్తే బాధేస్తుంది. మొదటి ఏడాది 10 గెలిచి 6 ఓడింది, అయినా ప్లేఆఫ్స్ కొంచెంలో తప్పిపోయాయి. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్క సీజన్లో కూడా ఓటముల కంటే గెలుపులు ఎక్కువ లేవు. 2016లో 16 మ్యాచుల్లో ఒక్కటి గెలిచారు, 2017లో అదీ లేదు. ఆయన టీమ్‌లో ఉన్న 11 సీజన్లలో మొత్తం 48 గెలుపులు, 128 ఓటములు. ఆరుగురు హెడ్ కోచ్‌లు మారారు. ఆయన ఉన్నప్పుడు మ్యాచ్ మొదలుపెట్టిన క్వార్టర్‌బ్యాక్‌లు 20 మంది, ఒకడి గొంతు అలవాటయ్యేలోపు ఇంకొకడు వచ్చేవాడు. 2015లో ఆయన్ని డెన్వర్ టీమ్‌కి పంపే మాటలు నడిచాయని వార్తలొచ్చాయి, కుదర్లేదు, ఆ సీజన్ సూపర్ బౌల్ డెన్వరే గెలిచింది. ఆయన మాత్రం ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ ఆడకుండానే కెరీర్ ముగించాడు. అంత ఓడిపోయే టీమ్‌లో ఉండి కూడా మొదటి పది సీజన్లూ వరసగా ప్రో బౌల్‌కి, అంటే లీగ్‌లో మేటి ఆటగాళ్ళ జట్టుకి, ఎంపికయ్యాడు, అఫెన్సివ్ లైన్‌మెన్‌లో ఇంకెవరూ అలా అవ్వలేదు. గెలిచే టీమ్‌లో బాగా ఆడటం వేరు అండి, ప్రతి ఆదివారం ఓడిపోతూ కూడా మళ్ళీ బుధవారం ప్రాక్టీస్‌కి వచ్చి అదే అడుగు అదే కోణంలో వేయడం వేరు, నాకు ఈయన మీద గౌరవం అక్కడే.

2017 అక్టోబర్‌లో టెనెసీ టైటన్స్‌తో మ్యాచ్ మూడో క్వార్టర్లో ఎడమ చెయ్యి పట్టుకుని కింద పడ్డాడు, ట్రైసెప్స్ కండరం తెగింది. ఆ రోజు నేను ఇంట్లో టీవీ చూస్తున్నా, ఆయన నడుచుకుంటూ బయటికి వెళ్తుంటే ఇంట్లో మనిషికే ఏదో అయినట్టనిపించింది. 2018 మార్చిలో 33 ఏళ్ళకి రిటైర్ అయ్యాడు.

శరీరం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మ ప్రతి ఫోన్‌లో "వాడికి ఇంకో రెండు ముద్దలు పెట్టండి" అంటుంది. థామస్ ఆడినన్నాళ్ళూ 140 కిలోల చుట్టూ ఉన్నాడు, అది ఆయన ఒళ్ళు దానంతటదే ఉండే బరువు కాదు, ఉద్యోగం కోసం ఆకలి లేకపోయినా తిని తిని నిలబెట్టుకున్న బరువు. మానేసిన కొద్ది నెలల్లోనే తిండి మార్చి, స్విమ్మింగ్ అదీ చేసి 50 పౌండ్లు, అంటే ఇరవై రెండు కిలోలకి పైగా తగ్గాడు, ఫోటోలు చూస్తే గుర్తుపట్టడం కష్టం. మా వాడు ఇప్పుడే 104 కిలోలు. తినేది కండ కోసమా బరువు కోసమా అని నేనూ మా ఆవిడా రోజూ మాట్లాడుకుంటాం, షుగర్ మా వైపు కుటుంబంలో ఉంది, అందుకని ఆర్నెల్లకోసారి బ్లడ్ టెస్ట్ చేయిస్తున్నాం.

భయపడాల్సింది ఇంకొకటి ఉంది, దాచను. మైక్ వెబ్‌స్టర్ అని పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సెంటర్, నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచినోడు, హాల్ ఆఫ్ ఫేమ్ మనిషి, 2002లో 50 ఏళ్ళకే చనిపోయాడు, అప్పటికే మనసు చెదిరిపోయి చాలా దయనీయంగా బతికాడు. అక్కడి డాక్టర్ బెన్నెట్ ఒమాలు ఆయన మెదడుని పరీక్షించి సీటీఈ అనే జబ్బు, అంటే తల దెబ్బల వల్ల మెదడు మెల్లగా పాడయ్యే జబ్బు, ఉందని కనిపెట్టారు, 2005లో దాని మీద పేపర్ వచ్చింది. తలకి పెద్ద దెబ్బలు తగిలితేనే కాదు, లైన్‌లో ప్రతి స్నాప్‌కీ తగిలే చిన్న చిన్న దెబ్బలు ఏళ్ళ తరబడి పేరుకున్నా ప్రమాదమే. పదివేల స్నాప్‌లు అంటే నేను ఇప్పటిదాకా మెచ్చుకున్నది కూడా ఇదే లెక్క కదా, అది తల్చుకుంటే రాత్రిళ్ళు నిద్ర పట్టదు. జో థామస్ కూడా 2017లో తనకి అప్పుడే మతిమరుపు మొదలైనట్టుందని బయటికే చెప్పాడు. ఇప్పుడు ప్రాక్టీస్‌లో హెల్మెట్ మీద మెత్తటి తొడుగు వేస్తున్నారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లైన్‌మెన్‌కి 2022 నుంచి ట్రెయినింగ్ క్యాంప్‌లో అది తప్పనిసరి చేశారు, మా వాడికీ వేయిస్తున్నా. ఈ ఏడాది తర్వాత ఆడాలా వద్దా అని వాడితో కూర్చుని మాట్లాడతా, చివరి మాట మాత్రం వాడిదొక్కడిదే కాదు, డాక్టర్‌దీ మాదీ కూడా.

వాడు ఈ ఆట వైపు ఎలా వెళ్ళాడో చెప్పి ఆపేస్తా. 2018 సెప్టెంబర్ 20, గురువారం రాత్రి, న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్. ఆఫీసులో ఒకాయన రెండు టికెట్లిస్తే మా వాడిని తీసుకెళ్ళా, వాడికి తొమ్మిదేళ్ళు. బ్రౌన్స్ ఒక మ్యాచ్ గెలిచి అప్పటికి 635 రోజులు. హాఫ్‌టైమ్‌లో జో థామస్‌ని పిలిచి సన్మానం చేసి, ఆ 10,363 అంకెని స్టేడియంలో గౌరవంగా పెట్టారు. మా వాడు "నాన్నా అది ఆయన స్కోరా" అని అడిగాడు. కాదురా, ఆయన ఎన్నిసార్లు నిలబడ్డాడో అది అన్నా. ఆ రాత్రి బ్రౌన్స్ 21-17తో గెలిచింది, పక్కన ఉన్న ముసలాయన ఎవరో తెలీదు, నన్ను పట్టుకుని ఏడ్చాడు. 2023 ఆగస్టులో థామస్‌ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు, అది మాకు గంట దూరంలో ఉండే కాంటన్‌లోనే, మా వాడు టీవీలో స్పీచ్ మొత్తం కదలకుండా చూశాడు, మరుసటి ఏడాది కోచ్ ఏ పొజిషన్ కావాలని అడిగితే లైన్ అన్నాడు.

ఎడిటర్ గారూ, వచ్చే సూపర్ బౌల్‌కి మీరు క్వార్టర్‌బ్యాక్ ఫోటో తప్పకుండా వేయండి, కాకపోతే ఆయన ముందు వంగి నిలబడ్డ ఐదుగురూ కనపడే ఫోటో వేయండి, కింద వాళ్ళ పేర్లు కూడా రాయండి. అమ్మా, నువ్వు ఇది చదువుతుంటే, ఆ ఫోటోలో మధ్యలో బంతి పట్టుకున్నాడు చూడు, వాడికి కుడిపక్కన నిలబడేవాడి చోటే మన చిన్నోడిది.

ఇట్లు
తెనాలి వాస్తవ్యుడు, ప్రస్తుతం ఒహాయో