ఏ సెక్షన్ కింద తీసుకుంటున్నారు? రెవెన్యూ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మూసీ ఒడ్డున, పాతబస్తీ మెట్రో దారిలో, చెరువుల చుట్టూ, రోడ్డు వెడల్పు కోసం గీతలు పడిన వీధుల్లో జనం నోట ఒకటే మాట వినిపిస్తోంది: "మా ఇల్లు పోతుందట." ఏ చట్టం కింద పోతుంది, ఎవరు తీసుకుంటారు, ఎంత ఇస్తారు అని అడిగితే మాత్రం జవాబు రాదు. ప్రాజెక్టులు ఆపమని అడగడానికి మేం ఈ లేఖ రాయడం లేదు. నగరానికి మెట్రో కావాలి, వాన నీళ్లు పోవడానికి నాలా కావాలి. ఒక్క గజం స్థలం మీద చెయ్యి వేసే ముందయినా సరే, ఏ అధికారంతో వేస్తున్నారో కాగితం మీద రాసివ్వాలన్నదే మా విన్నపం.

హైదరాబాద్‌లో ప్రభుత్వం ప్రైవేటు స్థలం జోలికి వచ్చే దారులు నాలుగు. ఒకటి భూసేకరణ. ఇందులో స్థలం పౌరుడిదని ప్రభుత్వమే ఒప్పుకుని, పరిహారం ఇచ్చి తీసుకుంటుంది. రెండోది ఆక్రమణ తొలగింపు. ఇక్కడ స్థలం సర్కారుదే అంటారు కాబట్టి పరిహారం ఉండదు. మూడోది ఇంటి అనుమతికి దరఖాస్తు పెట్టినప్పుడు మాస్టర్ ప్లాన్ రోడ్డుకు పోయే స్థలాన్ని వదిలించుకోవడం. నాలుగోది చెరువు చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ లాంటి ఆంక్ష: స్థలం మీదే, కట్టడానికి మాత్రం వీల్లేదు. ఈ నాలుగింటికీ చట్టాలు వేరు, నోటీసులు వేరు, గడువులు వేరు. సేకరణ చేయాల్సిన చోట ఖర్చు తక్కువని ఆక్రమణ దారి పట్టడం, రోడ్డు కోసం కొనాల్సిన స్థలాన్ని "స్వచ్ఛందంగా వదిలారు" అని రాయించుకోవడం వల్లే కేసులన్నీ పుడుతున్నాయి.

ఆస్తి హక్కు ఇప్పుడు ప్రాథమిక హక్కు కాదు కదా అని ఆఫీసుల్లో తరచూ అంటుంటారు. నిజమే. 44వ సవరణతో 1979 జూన్ 20 నుంచి 31వ అధికరణం, 19(1)(ఎఫ్) పోయాయి. అయితే అదే సవరణ 300ఏ అధికరణాన్ని తెచ్చింది. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసేసుకోకూడదని అది చెబుతుంది. చట్టం అంటే శాసనం. జీవో గానీ, సమీక్షా సమావేశంలో చెప్పిన మాట గానీ, సర్వేయర్ చేతిలోని రంగు డబ్బా గానీ చట్టం కావు. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టాన్ని పక్కనపెట్టి భూములు నేరుగా కొనుగోలు చేసేందుకు 2015లో తెచ్చిన జీవో 123ను 2016 ఆగస్టులో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ప్రభుత్వం శాసనసభకు వెళ్లి 2013 చట్టాన్ని సవరించుకోవాల్సి వచ్చింది. మొదటే ఆ దారిన వెళ్లి ఉంటే ఒక ఏడాది మిగిలేది.

300ఏలో పరిహారం అన్న మాట లేదు. అయినా ప్రజా ప్రయోజనం, పరిహారం రెండూ అందులో ఇమిడే ఉన్నాయని 2011 కె.టి. ప్లాంటేషన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2024 మే 16న కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా విడమరిచింది. నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయం రాయాలి, ప్రజా ప్రయోజనానికే తీసుకోవాలి, న్యాయమైన పరిహారమో పునరావాసమో ఇవ్వాలి, పని సాగదీయకుండా గడువులో చేయాలి, చివరికి పరిహారం చెల్లించి స్వాధీనం చేసుకుని ప్రక్రియను ముగించాలి. ఈ ఏడింటిలో ఏ ఒక్కటి తప్పినా సేకరణ నిలవదు. అదే ఏడాది నవంబరు 5న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం మరో మాట తేల్చింది: రాజ్యాంగం 39(బి)లోని "సమాజపు భౌతిక వనరులు" అన్న మాటలోకి ప్రతి ప్రైవేటు ఆస్తీ రాదు.

ఇక గోడ మీది గుర్తుల సంగతి. 2024 సెప్టెంబరులో మూసీ వెంట ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ (నదీగర్భంలో ఉందన్న గుర్తు) అని రాశారు. దానికి ఏ చట్టంలోనూ చోటు లేదు. 2013 చట్టం 12వ సెక్షన్ ప్రకారం సర్వే కోసం ఇంట్లోకో, ఇంటి ఆవరణలోకో వెళ్లాలన్నా, ఉంటున్నవాళ్లు ఒప్పుకోకపోతే, కనీసం 7 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎర్ర గుర్తు పడగానే బ్యాంకు ఆ ఇంటి మీద లోన్ ఇవ్వదు, కొనేవాడు రాడు, కిరాయిదారు ఖాళీ చేస్తాడు. కాగితం మీద ఒక్క అడుగూ పడకముందే ఆస్తి విలువ పడిపోతుంది. ఆ పడిపోయిన ధరకే తర్వాత రిజిస్ట్రేషన్లు జరిగి, అవే రేపు పరిహారానికి లెక్కలవుతాయి.

సేకరణ క్రమం ఇలా ఉండాలి. సామాజిక ప్రభావ అంచనా (మినహాయింపు ఉన్న ప్రాజెక్టుకు ఏ సెక్షన్ కింద మినహాయించారో ఉత్తర్వు), 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలకు 60 రోజులు, కలెక్టర్ విచారణ, 12 నెలల్లోపు 19వ సెక్షన్ ప్రకటన, ఆ తర్వాత 12 నెలల్లోపు అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే కలెక్టర్ ఉత్తర్వు. స్వాధీనం అన్నిటికన్నా చివర. 38వ సెక్షన్ ప్రకారం పూర్తి పరిహారం అవార్డు తేదీ నుంచి 3 నెలల్లో, పునరావాసపు డబ్బు 6 నెలల్లో చెల్లించాకే ఇల్లు అడగాలి. అత్యవసరం పేరుతో దీన్ని దాటేయడానికి 40వ సెక్షన్ ఒప్పుకునేది దేశ రక్షణ, జాతీయ భద్రత, ప్రకృతి వైపరీత్యం, లేదా పార్లమెంటు ఆమోదించిన ఇతర అత్యవసరాలకే. ప్రారంభోత్సవ తేదీ ఖరారైందన్న తొందర అందులో లేదు.

ఎక్కువ గొడవ ధర దగ్గరే జరుగుతుంది. 26వ సెక్షన్ మూడు లెక్కలు చెప్పి, వాటిలో ఎక్కువ వచ్చినదాన్ని తీసుకోమంటుంది: స్టాంపుల శాఖ (రిజిస్ట్రేషన్) విలువ, చుట్టుపక్కల గత 3 ఏళ్ల సేల్ డీడ్లలో పై సగం ధరల సగటు, కొన్ని ప్రాజెక్టుల్లో ఒప్పందపు ధర. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మన దగ్గర సేల్ డీడ్లన్నీ రిజిస్ట్రేషన్ విలువకే రాస్తారు. అందుకని మొదటి లెక్కా రెండో లెక్కా ఒకే అంకె దగ్గరికి వచ్చి ఆగుతాయి. రాష్ట్రం వచ్చాక ఆ విలువల్ని మొదటిసారి సవరించింది 2021 జూలైలో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో. దీనికి మందు చట్టంలోనే ఉంది. సేకరణ మొదలుపెట్టే ముందే ఆ ప్రాంతపు మార్కెట్ విలువను నడుస్తున్న ధరకు తగ్గట్టు కలెక్టర్ సవరించాలని 26(3) ఆదేశిస్తుంది. అమలులో అందరూ దాటేసే వాక్యం అదే.

అంకెల్లో చూద్దాం. 60 గజాల ఇల్లు, గజం 40 వేలు అనుకుంటే స్థలం 24 లక్షలు. కట్టడం విలువ 8 లక్షలు. మొత్తం 32 లక్షలు. నగరంలో గుణకం (స్థలం విలువను హెచ్చవేసే అంకె) 1 కాబట్టి అది పెరగదు. దీని మీద నూటికి నూరు సొలేషియం (ఇష్టం లేకున్నా ఆస్తి వదులుకోవాల్సి వచ్చినందుకు అదనంగా ఇచ్చేది) మరో 32 లక్షలు. ప్రభావ అంచనా నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా 10 నెలలు పట్టిందంటే స్థలం విలువ మీద ఏడాదికి 12 శాతం చొప్పున 2 లక్షల 40 వేలు. అన్నీ కలిపి 66 లక్షల 40 వేలు. అదే గజం ధరను 26(3) కింద 60 వేలకు సవరిస్తే స్థలం 36 లక్షలు, కట్టడంతో 44, సొలేషియంతో 88, పైన 3 లక్షల 60 వేలు. మొత్తం 91 లక్షల 60 వేలు. ఒక్క సవరణ చేయకపోవడం వల్ల ఆ కుటుంబం 25 లక్షల 20 వేలు పోగొట్టుకుంటుంది. అవార్డు ప్రతిలో ఈ లెక్క వరుసలుగా కనిపించాలి. ఇప్పుడు చాలా చోట్ల కనిపిస్తున్నది ఒక మొత్తం అంకె, ఒక సంతకం.

సగం ఇల్లే కావాలి, మిగతాది మీరే ఉంచుకోండి అనడం పాతబస్తీలోని చిన్న ఇళ్ల దగ్గర తరచూ జరిగే పని. 60 గజాల్లో 25 పోతే మిగిలేది మెట్లు, ఒక గోడ. యజమాని కోరితే ఇల్లు మొత్తం తీసుకోవాలని 94వ సెక్షన్ అంటుంది. ఈ సంగతి నోటీసులో రాయరు కాబట్టి అడిగేవాళ్లూ ఉండరు.

కిరాయిదారులకు ఏమీ రాదన్నది మరో తప్పు అభిప్రాయం. పట్టణంలో మూడేళ్లకు పైగా అక్కడ ఉంటున్నవాళ్లు, అక్కడి పని మీదే బతుకుతున్నవాళ్లు కూడా చట్టం దృష్టిలో బాధిత కుటుంబాలే. రెండో షెడ్యూలులో ఏడాది పాటు నెలకు 3 వేలు, రవాణాకు 50 వేలు, చిరు వ్యాపారికి కనీసం 25 వేలు ఉన్నాయి. పెద్ద మొత్తాలేం కావు. అవి కూడా ఇవ్వకపోతే ఏమనాలి? అలాగే డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ఇవ్వడం పునరావాసం కిందికి వస్తుంది. పట్టా ఉన్న ఇంటికి అది పరిహారం కాజాలదు. జీవో 58 కింద 125 గజాల లోపు క్రమబద్ధీకరణ చేసుకున్నవాళ్లకు ప్రభుత్వమే హక్కు రాసిచ్చింది. నిన్న పట్టా ఇచ్చి నేడు ఆక్రమణదారు అనడం కుదరదు.

పేదలకు ప్రభుత్వం షరతులతో ఇచ్చిన అసైన్డ్ భూముల విషయంలో కూడా ఇదే తికమక. లావణి పట్టా కదా, షరతు ప్రకారం వెనక్కి తీసుకున్నాం అని నామమాత్రపు ఎక్స్‌గ్రేషియా చేతిలో పెడతారు. ప్రజా ప్రయోజనానికి తీసుకునేటప్పుడు అసైనీలకు కూడా సొంత పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ, సొలేషియం ఇవ్వాలని 2004లోనే మన హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో చెప్పింది.

చెరువుల దగ్గర చిక్కు ఇంకా లోతైనది. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటే మత్తడి మీద నుంచి నీళ్లు పొర్లడం మొదలయ్యే మట్టానికి చెరువు నిండినప్పుడు నీరు చేరే గీత. ఆ గీత మత్తడి ఎత్తు మీద ఆధారపడుతుంది. మత్తడిని పెంచినా, తూము పూడిపోయినా, వచ్చే నాలాను మళ్లించినా నీరు చేరే చోటు మారిపోతుంది. అందుకే ఉపగ్రహ చిత్రంలో ఒక వానాకాలం కనిపించిన నీటిని గీతగా తీసుకుంటే తప్పు పడుతుంది. గ్రామ నక్షా, టిప్పన్, సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ లాంటి పాత భూ రికార్డులు పక్కన పెట్టుకుని మత్తడి మట్టం నుంచి కాంటూరు (ఒకే ఎత్తులో సాగే గీత) వేయాలి. ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు విని, తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. తుది గీత పడని చెరువు దగ్గర బుల్డోజరుకు కొలత ఎక్కడి నుంచి?

పైగా శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే భూమిలో) కూడా పట్టా భూములున్నాయి. నీళ్లు తగ్గాక సాగు చేసుకునే హక్కుతో వచ్చినవి అవి. అక్కడ ఇల్లు కట్టకూడదు, నిజమే. కానీ కట్టకూడదన్నంత మాత్రాన ఆ భూమి సర్కారుది అయిపోదు. బఫర్ కూడా అంతే: 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు. ఆ మేర పార్కు వేయాలన్నా, వాకింగ్ ట్రాక్ కట్టాలన్నా భూమి సేకరించాల్సిందే. కూల్చివేతలపై 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసి, రోడ్లు, జలవనరుల వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు మినహాయింపు ఇచ్చింది. మన అధికారులు ఆ మినహాయింపునే పట్టుకుంటున్నారు. ఫలానా ఇల్లు చెరువులో ఉందా లేదా అన్నదే తగాదా అయినప్పుడు మినహాయింపు ముందు, విచారణ తర్వాత ఎలా అవుతుంది? శని, ఆదివారాల్లో కోర్టు లేని వేళ చూసి కూల్చడంపై 2024 సెప్టెంబరులో హైకోర్టు అడిగిన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది.

రోడ్డు వెడల్పు సంగతి క్లుప్తంగా. జీవో 168 భవన నిర్మాణ నిబంధనల కింద స్థలం వదలాల్సింది ఇంటి అనుమతి అడిగినవాళ్లే. ఏ అనుమతీ అడగని ఇంటి ముందు 8 అడుగులు కావాలంటే జీహెచ్ఎంసీ చట్టం 146, 147 సెక్షన్లున్నాయి: ఒప్పందంతో కొనాలి, కుదరకపోతే సేకరించాలి. టీడీఆర్ (స్థలానికి డబ్బు బదులు ఇచ్చే, అమ్ముకోదగ్గ నిర్మాణ హక్కు) అన్నది యజమాని ఇష్టపడి తీసుకునేది. దాన్ని అమ్ముకోవడానికి బిల్డర్ దొరకాలి, ధర కుదరాలి. చిన్న ఇంటివాడికి అది చెక్కుతో సమానం కాదు.

ప్రజా ప్రయోజనం గురించి ఒక్క ముక్క. నదీతీరం కోసమని తీసుకున్న స్థలం రేపు హోటల్‌కో మాల్‌కో లీజుకు పోతే ఏమిటన్నది మూసీ వాళ్ల అసలు భయం. ప్రయోజనాన్ని మధ్యలో మార్చకూడదని 2013 చట్టం 99వ సెక్షన్ అంటుంది. అమెరికాలోని న్యూ లండన్ పట్టణంలో అభివృద్ధి పేరుతో ఇళ్లు తీసుకోవడాన్ని 2005లో వాళ్ల సుప్రీంకోర్టు 5-4తో ఒప్పుకుంది. ఆ స్థలం తర్వాత ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. ఆ తీర్పు చూసి 40కి పైగా రాష్ట్రాలు తమ చట్టాల్ని మార్చుకున్నాయి. మూసీ నోటిఫికేషన్లో సర్వే నంబరు వారీగా ఏ ముక్క దేనికో రాయండి. ప్రవాహానికా, రోడ్డుకా, వాణిజ్యానికా అన్నది జనం చదువుకుంటారు.

శాఖ తరఫున మీరు వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. నాలుగు దారుల్లో ఏదో గుర్తుపెట్టి, సెక్షన్ నంబరు, స్థలం కొలత, స్కెచ్, అభ్యంతరం చివరి తేదీ, ఇవ్వాల్సిన ఆఫీసు పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన ఒకే నమూనా నోటీసు తేవచ్చు. అది ఇవ్వకుండా గోడ మీద గుర్తు వేయకూడదని సర్క్యులర్ ఇవ్వచ్చు. కలెక్టర్లు 26(3) సవరణ చేశామని రాసి సంతకం పెట్టందే 11వ సెక్షన్ నోటిఫికేషన్ గెజిట్‌కు పంపకూడదని చెప్పవచ్చు.

ఇంకొకటి, ఖర్చు లేనిది. చెక్కు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో స్వీకరించాను" అని రాయనివాళ్లు 64వ సెక్షన్ కింద ఎక్కువ పరిహారం అడిగే హక్కు పోగొట్టుకుంటారని 77వ సెక్షన్ చెబుతుంది. రసీదు ఫారాలు ముందే అచ్చువేసి తెస్తారు, వాటిలో ఆ వాక్యం ఉండదు. చదువురానివాళ్లు వేలిముద్ర వేసి వెళ్లిపోతారు. ఆ ఫారంలో ఆ వాక్యం, దాని పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి అచ్చువేయించండి.

ఇట్లు,
భూసేకరణ కేసులు చూసే కొందరు న్యాయవాదులు, విశ్రాంత సర్వేయర్లు
హైదరాబాద్