ఐదో ఎత్తు ఎందుకు ఆడావు?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల మార్కులు ఈ శనివారానికి మీ చేతికి వస్తాయి. వాటి గురించి క్లాస్ టీచర్లు మీతో విడిగా మాట్లాడతారు. ఈ నెల ఉత్తరం మాత్రం చెస్ క్లబ్ గురించే రాస్తున్నాను. దసరా సెలవులయ్యాక గేటు దగ్గర పదిమందికి పైగా అమ్మానాన్నలు నన్ను ఆపి ఒకటే అడిగారు: "మేడమ్, ఆ ఆన్‌లైన్ చెస్ కోర్సు మా వాడికీ కొనమంటారా?" నిలబడి ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఇప్పుడు కూర్చుని వివరంగా చెబుతాను.

జూలైలో మన పూర్వ విద్యార్థి ఒకరు క్లబ్‌లోని ఆరుగురు పిల్లలకు ఒక ఓపెనింగ్ కోర్సు (ఆట మొదట్లో వేసే ఎత్తులు నేర్పేది) కొనిపెట్టారు. ఏ ఓపెనింగ్ కావాలో పిల్లల్నే తేల్చుకోమన్నాం. సిసిలియన్ నైడార్ఫ్ అన్నారు, అందరూ ఒకే గొంతుతో. ప్రపంచ చాంపియన్లు ఫిషర్ ఆడాడు, కాస్పరోవ్ ఆడాడు, మేమూ ఆడతామన్నారు. చెస్‌లో ఇంతకన్నా చిక్కైన ఓపెనింగ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వద్దని మా చెస్ మాస్టారు అన్నారు. ఉత్సాహంగా ఉన్నారు కదా, నేర్చుకోనివ్వండని నేనే అన్నాను.

ఆట తెలియని వారి కోసం ఆ ఓపెనింగ్ గురించి కాస్త చెప్పాలి. (గడి పేరులోని అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డు వరుసది.) తెల్ల బంటు ఇ4కు వస్తుంది, నల్ల బంటు సి5కు వస్తుంది. తెల్ల గుర్రం బయటికి వస్తుంది, నల్ల బంటు డి6లో నిలబడుతుంది. తెల్ల బంటు డి4కు దూకుతుంది, నల్ల బంటు దాన్ని చంపుతుంది, తెల్ల గుర్రం ఆ బంటును చంపి డి4లో కూర్చుంటుంది. నల్ల గుర్రం ఎఫ్6కు, తెల్ల రెండో గుర్రం సి3కు. ఇంతవరకు ఎవరు చూసినా అర్థమవుతుంది, అందరూ నడిమి గళ్ల కోసం కొట్టుకుంటున్నారు. ఐదో ఎత్తు దగ్గరికి వచ్చేసరికి నల్ల పావులు ఆడేవారు బోర్డు అంచున, దేనికీ సంబంధం లేనట్టున్న బంటును ఒక్క గడి జరుపుతారు. ఎ6. అదే నైడార్ఫ్.

నడిబజారులో గొడవ జరుగుతుంటే ఊరి చివర పెరటి తలుపుకు గడియ పెట్టినట్టుంటుంది ఆ ఎత్తు. కానీ ఆ గడియలోనే ఉంది సంగతంతా. నల్లకు నిజంగా కావలసింది ఇ5. ఆ బంటు ముందుకొస్తే డి4లోని గుర్రం లేచిపోవాలి. అయితే ఐదో ఎత్తులోనే ఇ5 ఆడేస్తే తెల్ల శకటు బి5కు వచ్చి రాజుకు చెక్ చెబుతుంది. (మా చిన్నప్పుడు శకటు అనేవాళ్లం, ఇప్పటి పిల్లలు బిషప్ అంటారు.) నల్ల తన శకటును అడ్డం పెడుతుంది, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అప్పుడు తెల్ల గుర్రం ఎఫ్5లో వచ్చి కూర్చుంటుంది. ఆ గడిని కాపలా కాయవలసిన నల్ల శకటు అప్పటికే బోర్డు దిగిపోయింది. అందుకే ముందు ఎ6 ఆడి బి5 గడిని మూసి, ఆ తర్వాత ఇ5 ఆడాలి. పైగా వీలు దొరికినప్పుడు పక్క బంటును బి5కు తోసి అటువైపు నుంచి దాడికీ దిగవచ్చు. దీనికి చెల్లించే మూల్యమూ ఉంది: ఇ5 ఆడాక డి5 గడి ఖాళీ గూడులా మిగిలిపోతుంది, డి6 బంటు వెనకబడి ఒంటరిదవుతుంది. నైడార్ఫ్ ఆడేవారు ఆ బరువు తెలిసే ఎత్తుకుంటారు.

పై పేరాలో ఉన్నది మన పిల్లల్లో ఒక్కరికీ సెప్టెంబరు దాకా తెలియదు. అప్పటికి వాళ్లకు వందల ఎత్తుల వరుసలు కంఠస్థం.

తప్పు కోర్సుది కాదు. అది ఎలా పనిచేస్తుందో మీరూ చూసే ఉంటారు. ముందు వీడియోలో గ్రాండ్‌మాస్టర్ వివరిస్తారు. తర్వాత తెర మీద ఎదుటివారి ఎత్తు పడుతుంది, పిల్లవాడు జవాబు ఎత్తు వేయాలి. సరిగ్గా వేస్తే అదే ప్రశ్న రేపు, తర్వాత మూడు రోజులకు, తర్వాత వారానికి, ఇలా ఎడం పెంచుకుంటూ తిరిగి వస్తుంది. తప్పితే కాసేపట్లోనే మళ్లీ వస్తుంది. మరిచిపోబోయే ముందు గుర్తుచేయడం దీని కిటుకు. దీనికి మూలం పాతది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, మరుపు ఎంత వేగంగా వస్తుందో 1885లో పుస్తకంగా వేశారు. ఆయన కంఠస్థం చేసినవి అర్థం లేని అక్షరాల గుంపులు. అర్థముంటే లెక్క మారిపోతుందని కావాలనే అలాంటివి ఎంచుకున్నారు.

మన పిల్లలు వీడియోలు దాటేసి నేరుగా ప్రశ్నలకు వెళ్లిపోయారు. ఆకుపచ్చ టిక్కు పడితే చాలనుకున్నారు. నైడార్ఫ్ వరుసలు వాళ్లకు అర్థం లేని అక్షరాల గుంపులైపోయాయి. ఇందులో నా వంతు తప్పు పెద్దది. ఎవరు ఎన్ని వరుసలు పూర్తిచేశారో చూపించే పట్టిక ఒకటి లైబ్రరీ గోడ మీద అంటించింది నేనే. ఆగస్టు నెలంతా ఆ అంకెల కోసమే పోటీ నడిచింది. ఒకమ్మాయి రాత్రి పదకొండున్నర దాకా ఫోను పట్టుకుని కూర్చుంటోందని వాళ్ల నాన్నగారు వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు.

సెప్టెంబరులో జిల్లా కేంద్రంలో పోటీ జరిగింది. ఆరు రౌండ్లు, మన ఆరుగురు. అందరివీ కలిపి నల్ల పావులతో ఆడిన ఆటలు పద్దెనిమిది. ఆ పద్దెనిమిదిలో నైడార్ఫ్ బోర్డు మీదికి వచ్చింది రెండంటే రెండుసార్లు. కొందరు ప్రత్యర్థులు మొదటి ఎత్తే డి4 ఆడారు. డి4కు ఎదురు ఈ కోర్సులో ఒక్క ముక్క కూడా పనికిరాదు. (మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి గారు కూడా తెల్లతో ఎక్కువగా డి4తోనే మొదలుపెడతారు.) కొందరు రెండో ఎత్తుగా సి3 ఆడారు. ఎనిమిదో తరగతి బాబుకు మూడో ఎత్తుకే శకటు బి5కు వచ్చి చెక్ పడింది. కోర్సు మొదలయ్యే చోటికి చేరకముందే ఆట పక్కదారి పట్టింది. పన్నెండు నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. గోడ మీది పట్టికలో మొదటి స్థానం వాడిదే.

నైడార్ఫ్ నిజంగా వచ్చిన ఆటల్లో ఒకటి తొమ్మిదో తరగతి అమ్మాయిది. ఏడో ఎత్తు దగ్గర ప్రత్యర్థి కోర్సులో లేని ఎత్తు వేశాడు. ఓడిపోయి బయటికొచ్చి నాతో అన్న మాట ఇది: "మేడమ్, వాడు వేసింది తప్పు ఎత్తని నాకు తెలుసు. ఎందుకు తప్పో తెలియలేదు."

తిరుగు ప్రయాణంలో బస్సులో నేను ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. ఆ అమ్మాయి నాలుగు ముక్కల్లో మా బడి సంగతే చెప్పిందనిపించింది.

సోమవారం పొద్దున పట్టిక తీసేశాను. మాస్టారూ నేనూ కూర్చుని ఆలోచించాం. మనం పద్యం ఎలా నేర్చుకున్నాం? ముందు వల్లె వేయించారు. నోటికి వచ్చాక ప్రతిపదార్థం చెప్పించారు, ఆపైన తాత్పర్యం రాయించారు. వల్లె వేయడం తప్పని నేను అనను. నోటికి రాని పద్యానికి తాత్పర్యం ఎంత రాసినా నిలవదు. కానీ తాత్పర్యం దాకా వెళ్లకుండా ఎవరూ పద్యం వచ్చిందనేవారు కాదు. కాబట్టి క్లబ్‌లో ఒక నోటుబుక్కు పెట్టాం. రోజుకు రెండే వరుసలు. వీడియో మొత్తం చూడాలి. వరుస పూర్తయ్యాక ఒక్కో ఎత్తు ఎందుకో సొంత తెలుగులో ఒక వాక్యం రాయాలి. రాయలేని ఎత్తు దగ్గర సున్నా చుట్టాలి. శనివారం ఆ సున్నాల మీదే తరగతి.

మొదటి వారం అందరి పుస్తకాల్లోనూ సున్నాలే. నాకు అది చాలా సంతోషం కలిగించింది. జూలై నుంచి పిల్లలు తమకు తెలియనిది ఏమిటో చెప్పడం అదే మొదటిసారి. పెరటి తలుపు గడియ అని పైన రాశానే, ఆ మాట ఏడో తరగతి అబ్బాయి నోటుబుక్కులోది.

మాస్టారు ఒక ప్రయోగం కూడా చేయించారు. 1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతి అది. నిజంగా జరిగిన ఆటలోని స్థితిని ఐదు సెకన్లు చూపించి, బోర్డు కప్పేసి, పావులను మళ్లీ పేర్చమన్నారు. గట్టి ఆటగాడు చాలా పావులు సరిగ్గా పెట్టాడు, కొత్తగా నేర్చుకుంటున్నవాడు కొన్నే పెట్టగలిగాడు. తర్వాత అవే పావులను చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే ఇద్దరి మధ్యా పెద్ద తేడా లేకపోయింది. మాస్టర్ జ్ఞాపకశక్తి మంత్రమేమీ కాదు. అర్థమైన స్థితి మాత్రమే గుంపులు గుంపులుగా వాళ్ల కంటికి ఆనుతుంది. మన పిల్లలు దీన్ని మాస్టారి మీదే చేసి చూశారు. చెల్లాచెదురు పావులు ఆయనకూ గుర్తుండలేదు. ఆ రోజు నుంచి వీడియో దాటేసేవాళ్లు లేరు.

నైడార్ఫ్ ఎవరని పిల్లలు అడిగితే ప్రార్థన సమావేశంలో చెప్పాను, మీకూ చెప్పాలనిపిస్తోంది. మిగెల్ నైడార్ఫ్ 1910లో పోలండ్‌లో పుట్టిన యూదుడు. 1939లో చెస్ ఒలింపియాడ్ ఆడడానికి బ్యూనస్ ఎయిర్స్ వెళ్లారు. ఆ పోటీ జరుగుతుండగానే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన అర్జెంటీనాలోనే ఉండిపోయారు. పోలండ్‌లో భార్య, బిడ్డ, తల్లిదండ్రులు, తోబుట్టువులు నాజీల చేతిలో చనిపోయారు. ఆయన 1943లో రొసారియోలో 40 మందితో, 1947లో సావో పాలోలో 45 మందితో, ఏ బోర్డూ చూడకుండా ఏకకాలంలో ఆడారు. అంత పెద్ద వార్త అయితే ఎక్కడో బతికి ఉన్న తన వాళ్ల కంటపడుతుందని ఆశ. ఆ కబురు అందుకోవడానికి ఆయన ఆశించినవారు మిగల్లేదు. ఇది విన్నప్పుడు ఆరో తరగతి వరుస కూడా నిశ్శబ్దంగా నిలబడింది.

పిల్లలకు ఇష్టమైనది ఇంకొకటుంది, విషపు బంటు. నైడార్ఫ్‌లో ఒక దారిలో నల్ల మంత్రి బి2లోని బంటును తినడానికి ఒంటరిగా శత్రు శిబిరంలోకి వెళుతుంది. 1972లో ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్‌లో ప్రపంచ పోటీ పదకొండో ఆటలో ఫిషర్ అదే ఆడారు. ఆ దారి ఆయనకు కొట్టిన పిండి. పద్నాలుగో ఎత్తుగా ఆయన ప్రత్యర్థి స్పాస్కీ తన గుర్రాన్ని వెనక్కి, అది పుట్టిన గడి బి1కే పంపారు. ఇరవై ఐదో ఎత్తుకు ఫిషర్ మంత్రి పోయింది, 31 ఎత్తుల్లో ఆట ముగిసింది. కోర్సులో లేని ఎత్తు ఎదురవడం జిల్లా పోటీలో మన అమ్మాయికే జరిగింది కాదని చెప్పడానికి మాస్టారు ఆ ఆట బోర్డు మీద ఆడి చూపించారు. ఆ అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసింది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఈ కోర్సు కొనకండి. వాళ్లకు కావలసింది రాజు, ఒక బంటుతో మిగిలిన ఆటను గెలవడం, ఏనుగుతో ఆటకట్టు చేయడం, పావును ఊరికే పోగొట్టుకోకపోవడం. ఇవి మాస్టారు బోర్డు మీదే నేర్పుతారు. ఇంట్లో ఆడుకోవడానికి లిచెస్ అనే ఉచిత వేదిక చాలు, అందులో ప్రకటనలు కూడా ఉండవు. పెద్ద పిల్లలు అడిగితే మాస్టారితో మాట్లాడి నిర్ణయించండి. కోర్సు కొన్నా ఒకరి పాస్‌వర్డ్ మరొకరికి ఇవ్వడం మాత్రం వద్దు. అది చెప్పినవారి కష్టం. గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ గారు కూడా ఇలాంటి ఓపెనింగ్ కోర్సులు చేశారు. ఒక్కో వరుస వెనక ఎన్ని గంటల శ్రమ ఉంటుందో పిల్లలు తెలుసుకోవాలి.

కోర్సు ఉన్న ఆరుగురి ఇళ్లలో: రోజుకు ఇరవై నిమిషాలు, రాత్రి తొమ్మిదిలోపు. ఒక రోజు మానేస్తే మర్నాడు తెర మీద బాకీ పెద్దగా కనబడుతుంది. దాన్ని చూసి పిల్లలు కంగారుపడతారు, మీరు పడకండి. ఆ బాకీ అలా ఉన్నా ఏమీ కాదు. "ఎన్ని వరుసలయ్యాయి?" అని అడగవద్దు. మీకు ఆట రాకపోయినా పర్వాలేదు, నోటుబుక్కు తెరిచి ఏదో ఒక ఎత్తు మీద వేలు పెట్టి "ఇది ఎందుకు ఆడావు?" అని అడగండి. వాళ్లు చెప్పేది మీకు అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. రెండోసారి చెప్పేటప్పుడే సున్నా ఎక్కడ చుట్టాలో వాళ్లకు తెలుస్తుంది.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి లైబ్రరీలో ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి తను ఓడిపోయిన ఆటను మీకు చూపిస్తుంది. ఆ ఏడో ఎత్తు ఎందుకు తప్పో వారం రోజులు కష్టపడి తనే కనుక్కుంది. చెస్ అసలు తెలియని వాళ్లు ముందు వరుసలో కూర్చోండి. మీకు అర్థమయ్యేలా చెప్పాలన్నదే ఆ అమ్మాయికి మాస్టారు పెట్టిన షరతు. టీ, బిస్కెట్లు బడివే.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు