మన తీరపు జిర్కాన్ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుక గురించి వార్త వచ్చినప్పుడల్లా ఇల్మనైట్, గార్నెట్ ఖనిజాల పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి గానీ, అదే ఇసుకలో దొరికే జిర్కాన్ అనే ఖనిజం నుంచి జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) తీస్తారని, దంతవైద్యులు పంటికి తొడిగే తెల్లని క్యాప్ దానితోనే చేస్తారని మన పిల్లలకు చెప్పేవారు అరుదు.

శుద్ధ జిర్కోనియాను సుమారు 1170 డిగ్రీల సెల్సియస్ దాటి వేడి చేస్తే దాని స్ఫటికంలో పరమాణువుల అమరిక మారుతుంది. చల్లారేటప్పుడు పాత అమరికకు తిరిగివస్తూ స్ఫటికం 4 శాతం దాకా ఉబ్బుతుంది కనుక వస్తువు పగిలిపోతుంది. అయితే రేణువు సుమారు 30 నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు) కంటే చిన్నదైతే, ఉపరితల శక్తి ప్రభావం వల్ల, వేడిలో ఏర్పడిన అమరికే చల్లారాక కూడా నిలిచిపోతుంది. అంతకంటే పెద్ద రేణువుల్లో దాన్ని నిలపడానికి కొద్దిగా ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) కలుపుతారు. అలా నిలిచిన స్ఫటికాల మధ్యకు పగులు చొచ్చుకు వస్తే, దాని మొన దగ్గరున్నవి అప్పుడు ఉబ్బి పగులును నొక్కి ఆపేస్తాయి. ఈ విషయాన్ని 1975లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నా దృష్టిలో పదార్థశాస్త్రంలో ఇంతకంటే అందమైన ఉపాయం లేదు. కొలిమిలో ఎక్కువసేపు ఉంచితే పెద్ద స్ఫటికాలు చిన్నవాటిని మింగి పెరుగుతాయి, ఆ మేరకు ఈ ఉపాయం దెబ్బతింటుంది. అందుకే కాల్చే వేడిమి, సమయం అంత ముఖ్యం.

మీ విద్యా పుటలో ఈ అంశంపై సచిత్ర వ్యాసం ప్రచురించవలసిందిగా, జిల్లా కళాశాలల అధ్యాపకుల చేత రాయించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం